మునిరత్నం రాయని థీసిస్

ఒక మహాగాథ చెప్పబోతున్నాను. ప్రాణభయం, మాయమైన గ్రంథం, లేని మనిషి. నిజానికి అంత లేదు. పీహెచ్‌డీలో రెండో అధ్యాయం, అంటే మన అంశం మీద ముందువాళ్లు రాసినవి చదివి సమీక్షించడం, అందులో నేను పడ్డ పాట్లు. దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. తిరుపతిలో పరిశోధక విద్యార్థిని భయపెట్టడానికి గైడు చాలు.

నా అంశం గూడూరు నిమ్మకాయల వ్యాపారం. మా విభాగంలో రెండో అధ్యాయాన్ని ఎవరూ రాయరు, సీనియర్ల థీసిస్ నుంచి దించుతారు. అన్నింటిలోనూ ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ‘నిమ్మ ధర రైతు చేతిలోనే ఉందని మునిరత్నం నిరూపించారు.’ నేనూ దించాను. కమిటీ మాత్రం ఆ మునిరత్నం థీసిస్ చూపించమంది, లేదంటే రిజిస్ట్రేషన్ రద్దంది.

“ఎతకబాకప్పా, ఆ పేరు తీసెయ్” అన్నారు గైడు. వద్దన్నా వెతికాను.

మధ్యాహ్నం లైబ్రరీలో, వ్యవసాయం బీరువా అడుగు అరలో దొరికింది. నీలం అట్ట, చెదలు కొట్టిన అంచులు. ఆ వాక్యం ఉంది. దాని కిందే, ఎవరూ దించని ఇంకో వాక్యం: ‘ఇది సొంత బండి ఉన్న రైతుకే వర్తిస్తుంది, బండి లేనివాళ్ల సంగతి ఇంకా ఎవరూ చూడలేదు.’

ఎవరేమన్నారో పేర్చడం కాదు, ఎక్కడ ఆగిపోయారో చూడటమే సమీక్ష అని అప్పుడు అర్థమైంది. ఫోను కౌంటర్లో పెట్టించుకుంటారు కాబట్టి ఆ రెండు వాక్యాలూ చేత్తో రాసుకొని గైడుకు చూపించాను.

ఆయన కాగితం రెండుసార్లు చదివి, లేచి గది తలుపు వేశారు.

“ఆ థీసిస్ ల్యాదప్పా. రెఫరెన్సులు తక్కువైతే నేనే పుట్టించినాను. మునిరత్నమంటే రేణిగుంటలో మా ఇంటి ఓనరు.”

“మరి ఈ బండి ముక్క, సార్?”

“అది నా థీసిస్ కోసం రాసుకున్నదే. మా గైడుకు నచ్చదని కొట్టేసినాను. ఎవురికీ సూపించలేదే. నీకెట్ల తెలిసె?”

ఇద్దరం లైబ్రరీకి వెళ్లాం. అడుగు అరలో పాత గెజిట్లే ఉన్నాయి. లైబ్రేరియన్ ఆ అర ఎప్పుడూ అంతేనన్నాడు. కల కని ఉంటావన్నారు స్నేహితులు. కలలో కూడా నాకంత మంచి ఆలోచన రాదు.

మునిరత్నం పేరు తీసేసి, బండి లేని రైతుల మీద నా సొంత అధ్యాయం రాసిచ్చాను. మిగతా థీసిస్‌లలో ఆయన ఇంకా నిరూపిస్తూనే ఉన్నారు, వాళ్లంతా డాక్టర్లు కూడా అయ్యారు. నా రిజిస్ట్రేషన్ నిలిచింది. అధ్యాయం మాత్రం తిరిగొచ్చింది, రెఫరెన్సులు అక్షరక్రమంలో లేవట.