పదికి ఎంత?

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని ఆ చిన్న ఆసుపత్రికి పదమూడు వారాల ఒప్పందం మీద వచ్చిన నర్సు లొరెట్టాకు అక్కడి పాడిరైతులతో ప్రాణం విసిగిపోయింది. నొప్పి పదికి ఎంత అని అడిగితే, కాలు విరిగినవాడూ రెండే అంటాడు. మొదటివారం ఆ మాట నమ్మి ఒకణ్ణి బయట కూర్చోబెడితే, వాడి అపెండిక్సు కాస్తా పగిలింది.

ఈరోజు ముసలి ఆర్విల్ ఛాతీ పట్టుకుని వచ్చాడు.

"ఎప్పట్నుంచి తాతా నొప్పి?"

"తెల్లారకముందు నుంచి."

"మరి ఇప్పుడా రావడం?"

"ఆవుల పాలు నువ్వొచ్చి పితుకుతావా తల్లీ?"

"నా ఖర్మ! నొప్పి పదికి ఎంత? నిజం చెప్పు, నీకు దణ్ణం పెడతాను."

ఆర్విల్ కారుతున్న చెమటను చొక్కా చేతితో తుడుచుకున్నాడు.

"మూడు."

ఆ ఊళ్లో ఆమె మూడు అన్న మాట వినడం అదే మొదటిసారి. లొరెట్టా డాక్టరు కోసం పరుగెత్తింది.