దొర విందు, రెండు కుంచాలు

సూర్యాపేటలో మా గ్రంథాలయానికి దొర అధ్యక్షుడయ్యాక చదివేవాళ్లు తగ్గి, పులావు తినేవాళ్లు పెరిగారు. ఈ మాట అప్పుడే అన్నాను, ఇప్పుడూ అంటాను.

నేను అక్కడ గ్రంథపాలకుణ్ణి. సొంతూరు కోదాడ. నలుగురు కూడి తెలుగులో సభ పెట్టుకోవాలన్నా నిజాం సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, కావలసిన కాలాన, జనం తలా ఒక పుస్తకం తెచ్చి పాత సరాయిలో పెట్టుకున్న గ్రంథాలయం అది. వెనక గదిని మ్యూజియం అనేవాళ్లం. వేములపల్లి పొలాల్లో నాగలికి తగిలిన చెక్కుడు రాళ్లు, చెదలు తిన్న తాళపత్రాలు, తుప్పు పట్టిన కత్తులు, ఒక అద్దాల బీరువా, అంతే.

నలభై ఎనిమిదిలో నిజాం మీదికి యూనియన్ మిలిటరీ వచ్చింది. అంతకుముందు తిరగబడ్డ జనానికి భయపడి, కోటలాంటి తన గడీ వదిలి హైదరాబాదు పారిపోయిన దొర, మిలిటరీ లారీల వెనకే తిరిగొచ్చాడు. పోయినప్పుడు షేర్వాణీ, వచ్చినప్పుడు ఖద్దరు. సిగ్గూ శరమూ ఉంటే కదా! చూస్తుండగానే అధ్యక్షుడై కూర్చున్నాడు. ఇక ఆఫీసర్లకు టీ పార్టీలు, విందులు. గడీలో పెడితే పాత సంగతులు గుర్తొస్తాయి. పుస్తకాల మధ్య పెడితే పెద్దమనిషి అనిపించుకోవచ్చు.

విందు ఉన్న రోజు చదువరులను పొద్దున్నే తరిమేసేవారు. చదువుకునే బల్లల మీద తెల్లటి దుప్పట్లు పరిచేవారు. ఒక ఆఫీసరు భార్య కొత్త మాసపత్రికతో విసురుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకొకాయన సిగరెట్టు బూడిదను మ్యూజియంలోని రాతి నంది వీపు మీద దులిపాడు. నాకు అరువు కోటు తొడిగించి, వచ్చినవాళ్లకల్లా మ్యూజియం చూపించమనేవాడు దొర. ఆ కోటు చేతులు నా మోచేతుల దగ్గరే ఆగిపోయేవి.

బీరువాలో అసలు చూపించదగ్గవి ధాన్యం కొలిచే రెండు ఇత్తడి కుంచాలు. అనంతగిరి పక్కన, దొర గడీ ఉన్న పల్లె నుంచి ఒక అవ్వ తెచ్చి ఇచ్చింది. పైకి రెండూ ఒకటే. ఒకదానికి మాత్రం లోపల, అసలు అడుగుకు పైన, ఇంకో దొంగ అడుగు అతికించి ఉంటుంది, గింజలు తక్కువ పట్టేలా. దొర జనానికి ధాన్యం అప్పిచ్చేటప్పుడు ఆ దొంగ కుంచం, కల్లంలో తిరిగి కొలుచుకునేటప్పుడు మంచి కుంచం. ఒకసారి అవ్వ పెనిమిటి ఇది మోసమని కల్లంలోనే అన్నాడు. దొర మనుషులు అతన్నే ధాన్యం దొంగ అని గుంజకు కట్టి కొట్టారు. దొంగ అన్న పేరుతోనే అతను చచ్చిపోయాడు. దొర పారిపోయిన నాడు జనం గడీ కొట్లు పగలగొట్టి ధాన్యం మోసుకుపోతుంటే, ఆవిడ గింజ ముట్టకుండా ఈ రెండు కుంచాలు చంకన పెట్టుకొచ్చింది. ఆవిడ కోరిక ఒక్కటే. సర్కారు మనిషి ఎవరైనా వాటిని చూసి, తన పెనిమిటి దొంగ కాడని నలుగురిలో చెప్పాలి. అంతదాకా వచ్చిన ఆఫీసర్లెవరూ ఆ బీరువా దగ్గర ఆగనైనా లేదు.

మిలిటరీ వచ్చిన మరుసటి వేసవిలో పెద్ద ఆఫీసరు వస్తున్నాడని, మిర్యాలగూడ షావుకార్లు కూడా వస్తున్నారని దొర మహా హడావిడి చేశాడు. నేను అవ్వకు కబురు పంపాను. విందు నాటి పొద్దున చూస్తే బీరువాలో కుంచాలు లేవు. దొరను అడిగాను.

"పార్టీల గా పాత సామాను ఎందుకు పంతులూ? జర కళగ ఉండాలె గద" అన్నాడు.

ఎక్కడ పెట్టించాడో మాత్రం చెప్పలేదు. అవ్వ రానే వచ్చింది. ఖాళీ బీరువా చూసింది, పోయి వరండాలో కూర్చుంది. ఆవిడ నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

తర్వాత తెలిసింది, వాటిని దాచెయ్యమని దొర తన మనిషితో చెప్పాడట. ఆ మహానుభావుడు బతుకంతా గడీలో ధాన్యం కొలిచినవాడు. కుంచం చేతికొస్తే బస్తాల దగ్గర పెట్టడమే అతనికి తెలుసు. అలవాటు కొద్దీ పెరట్లో వంట డేరాలో, బియ్యం బస్తాల పక్కన పెట్టి పోయాడు. హైదరాబాదు నుంచి వచ్చిన వంటాయన పైనున్న కుంచం అందుకొని దొర చెప్పిన లెక్కకు బియ్యం కొలిచాడు. పులావు వండే పెద్ద డేగిశాలు వెలితిగా ఉన్నాయని అనుమానం వచ్చిందట గానీ, వాళ్ల కుంచం, వాళ్ల లెక్క, మనకెందుకని ఊరుకున్నాడట.

సాయంత్రం పెట్రోమాక్సు దీపాలు, గ్రామఫోను పాటలు, అత్తరు వాసన. ఆఫీసరుకూ ఆయన వరసకూ పులావు అందింది. రెండో వరసలో షావుకార్లు ఖాళీ పళ్లేలు ముందు పెట్టుకొని కూర్చున్నారు. గరిటె డేగిశా అడుగుకు తగిలి మోగుతోంది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. దొర పెరట్లోకి పోయి, బియ్యం దొంగవని వంటాయన మీద చెయ్యెత్తాడు. వంటాయన గడీ మనిషి కాదు, పడి ఉండటానికి. కుంచం పట్టుకొని తిన్నగా ఆఫీసరు ముందుకొచ్చి, దీనితోనే కొలిచాను, ఒక్క కుంచం తగ్గినా నా చెయ్యి నరకండి అని ఉర్దూలో గట్టిగా అన్నాడు.

ఇంతకన్నా మంచి సమయం దొరుకుతుందా! నేను పెరట్లోకి ఉరికి రెండో కుంచం, ఒక గంపలో బియ్యం తెచ్చాను. తెల్ల దుప్పటి మీద పెట్టి, దొంగ కుంచం నిండా పోసి, దాన్ని మంచి కుంచంలోకి వంచాను. బియ్యం అంచుకు బాగా కిందనే ఆగిపోయాయి. అవ్వ పెనిమిటి కథ అంతా చెప్పాను. గడపలో నిలబడ్డ అవ్వను చూపించాను. 

ఆఫీసరు కుంచంలో చెయ్యి పెట్టి అడుగు తడిమాడు. నవ్వాడు. భలే గమ్మత్తైన వస్తువు, ఇలాంటివి భద్రపరచాలి అన్నాడు. అంతే, దొర ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. చేతులు జోడించి, అందుకే మా తాతల నాటి కుంచాలు మ్యూజియానికి దానమిస్తున్నాను, పాతకాలపు అన్యాయాలు పిల్లలకు తెలియాలి కదా అన్నాడు. చప్పట్లు! ఆకలితో ఉన్న షావుకార్లు కూడా కొట్టారు. ఆ చచ్చిపోయిన మనిషి మాట ఒక్కడూ ఎత్తలేదు. ఆఫీసరు కళ్లు అవ్వ వైపు తిరగనైనా లేదు.

తెల్లారేసరికి కుంచాలు బీరువాలో ఉన్నాయి. ముందు ఒక అట్టముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలు. వరండాలోనే పడుకున్న అవ్వ లేచి వచ్చి, ఏం రాసిండ్రు పంతులూ అని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చదివాను. దొరవారి వంశీకుల దానం అని ఉంది.

అవ్వ అద్దం మీద నుంచే ఆ అక్షరాలకు వేలు ఆనించింది.

"గింజలు ఎత్తుకపోయిండు. నా పెనిమిటి పేరు ఎత్తుకపోయిండు. ఇప్పుడు ఎత్తుకపోయిన ముచ్చట గూడ ఆయనదే అయిందా?"

తాళం తియ్యమంది. తీశాను. రెండు కుంచాలూ కొంగులో మూట కట్టుకొని రోడ్డెక్కింది. ఆ రోజు అంగడి. నడిబజారులో, ధాన్యం రాసుల మధ్య కూర్చొని కుంచాలు ముందు పెట్టుకుంది. పోయేవాళ్లను పిలిచి, నా పెనిమిటి దొంగ కాదు, వచ్చి చూడుండ్రి అని చెప్పడం మొదలుపెట్టింది. కొందరు నవ్వుకుంటూ పోయారు. నేను తాళంచెవి దొర కుర్చీలో పడేసి, ఆ అరువు కోటు విప్పి దాని మీదే వేసి, పోయి ఆవిడ పక్కన కూర్చున్నాను. కాసేపటికి జొన్నలమ్మే రైతు ఒకడు మా ముందు ఆగాడు. బస్తా దించి, మూతి విప్పి, ఆవిడ ముందుకు జరిపాడు.

"కొలువు అవ్వా" అన్నాడు. "అందరు చూస్తరు."