పైడయ్య మేస్త్రీ గోనె తెర

మొన్న మా వీధి చివర బియ్యం కొట్లో కొత్త గోనె సంచుల కట్ట విప్పారు. కిరసనాయిలూ ఎండుగడ్డీ కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్ళు మండింది. నా మొహం చూసి కొట్టతను, "దుమ్ము పడదా అమ్మా?" అని కుర్చీ దూరంగా జరిపాడు. దుమ్ము కాదు నాయనా, కోపం అని చెప్తే నన్ను చూసి నవ్వుతాడు. అర్ధ శతాబ్దం దాటిన కోపం అది. దానికి కారకుడైన మనిషి పోయి కూడా చాలా ఏళ్ళయింది. అయినా ఆ వాసన వస్తే చాలు, ఇంకెన్ని రోజులు బాబాయ్ అని అరవాలనిపిస్తుంది.

ఆయన పేరు పైడయ్య. విజయనగరానికి దగ్గర్లోని ఒక జూట్ మిల్లులో మగ్గాలు బాగుచేసే ఫిట్టరు. అందరూ మేస్త్రీ అనేవారు, నేను మేస్త్రీ బాబాయ్ అనేదాన్ని. అరవైల చివరి మాట ఇది. మేమూ ఆయనా పక్కపక్క ఇళ్ళలో అద్దెకుండేవాళ్ళం. రెండిళ్ళకీ పెరడు ఒక్కటే. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. చొక్కా జేబులో మడత స్కేలు లేకుండా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. బీడీ ముట్టేవాడు కాదు. నార ధూళిలో నిప్పురవ్వ పడితే షెడ్డంతా పోతుందని వయసులో మానేశాడట. ఆదివారం ఇంట్లో కాల్చుకోవచ్చుగా అంటే, "సేతికి ఆదివారం తెల్దు" అనేవాడు. ఈ ఒక్క ముక్కతో మనిషి మీకు అర్థమై ఉండాలి. నాకు అర్థం కావడానికి మాత్రం నెల పట్టింది, ఆ నెల నాకెంతో విలువైనది.

అప్పుడు నేను బి.ఎస్సీ. రెండో సంవత్సరం. మా కాలేజీలో ఆడపిల్లలకు కూడా రైఫిల్ షూటింగు నేర్పేవారు. రాష్ట్రస్థాయి పోటీకి నలుగురిని పంపుతామన్నారు. పరీక్ష పెడితే నేను ఐదోదాన్నయ్యాను. నెల తిరిగాక మళ్ళీ పరీక్ష పెట్టి పేర్లు ఖాయం చేస్తామని చెప్పారు. అంతవరకూ ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళనిదాన్ని, ఆ జట్టులో చేరి రైలెక్కాలని నాకున్న కోరిక ఇంతా అంతా కాదు. కాలేజీలో వారానికి ఐదు తూటాలిస్తే గొప్ప. అందుకని శ్రీకూర్మం దగ్గర జీడితోట ఉన్న మా మేనమామ కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని, కోతులను బెదిరించడానికి ఆయన కొన్న ఎయిర్‌గన్ తెప్పించుకున్నాను. దాన్ని చాపలో చుట్టి బస్సులో పంపించాడు.

వచ్చిన రోజే పెరట్లో వెనక గోడకు తాటిపలక ఒకటి ఆనించి, దానికి కాగితం గుండ్రాలు మేకుతో కొట్టాను. తాటిచేవ కంటే గట్టిది మా వైపు ఏముంది? గట్టిదైతే గుండును ఆపుతుందని నా లెక్క. మొదటి గుండు కొంచెం దిగింది. రెండోది దిగలేదు. ఎక్కడికి పోయిందా అని చూసేలోగా నా వెనక నూతి గట్టు మీదున్న ఇత్తడి బిందె టంగుమంది.

పక్క గుమ్మంలో కూచుని మడత స్కేలు తుడుచుకుంటున్న పైడయ్య లేచి వచ్చాడు. కేకలేమీ వెయ్యలేదు. "తుపాకీ కింద ఎట్టు తల్లీ. మూతి గోడేపు," అన్నాడు. తరవాత నేలంతా వెతికి, అప్పచ్చిలా అణిగిపోయిన సీసం గుండును ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. బిందె సొట్ట దగ్గర స్కేలు ఆనించి, నన్ను మళ్ళీ నేను కాల్చిన చోట నిలబడమని, సొట్టకీ నా తలకీ మధ్య దారి చూశాడు.

"నీ సెవి పక్కనించి ఎల్లినాది. జానెడు కూడా నేదు."

"తగల్లేదు కదా బాబాయ్."

"తగల్లేదు. బిందెకి తగిలినాది. బిందెకి కన్ను నేదు కాబట్టి సరిపోనాది."

ఇంతలో అమ్మ వచ్చింది. అది ఆమె పుట్టింటి బిందె. సంగతి విని, నేల మీదున్న తుపాకీ తీసి అటక మీద పడేసింది. "మేస్త్రీ సరే అన్నదాకా ఇది కిందకి దిగదు, సెప్తన్నాను," అంది. నాన్నగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, ఇంటి విషయాల్లో ఆయన తీర్పు ఎప్పుడూ ఒకటే: మీ అమ్మనడుగు. ఆ విధంగా నా నాలుగో స్థానం పైడయ్య చేతికి చిక్కింది.

మర్నాడు సాయంత్రం ఆయన మిల్లు నుంచి వస్తూ సైకిలు మీద రెండు బస్తాల చంపావతి ఏటి ఇసక తెచ్చాడు. పాత చెక్కపెట్టె ఒకటి సంపాదించాడు. ఇసక పోసి కాల్చేసుకోవడమే అనుకుని నేను అటక వైపు చూశాను. ఆయన నా చేతికి జల్లెడ ఇచ్చాడు. ఇసకలో రాయి ఉండకూడదట. ఒకసారి జల్లించాను. ఆయన గుప్పెడు తీసి వేళ్ళ మధ్య రాసి, రెండు గులకలు తీసి చూపించాడు. మళ్ళీ జల్లించాను. ఒక గులక దొరికింది. మూడోసారి జల్లిస్తూంటే అమ్మ గుమ్మంలోంచి, పిండి ఏనాడైనా ఇంత శ్రద్ధగా జల్లించావా అని దెప్పింది.

"ఇన్ని లక్షల రేణువుల్లో ఒక్క గులక. సరిగ్గా దానికే గుండు ఎలా తగుల్తుంది బాబాయ్?" అన్నాను ఏడుపు గొంతుతో.

"మగ్గంలో ఏలు కూడా అలగే పడతాది. ఇంత షెడ్డులో ఆ ఒక్క పళ్ళచక్రం కాడికే ఎల్తాది."

ఇసకపెట్టెకు ఐదు రోజులు పట్టింది. ఆరో రోజు పెట్టెను వెనక గోడకు పెట్టి, దూరంగా వెళ్ళి నిలబడి చూసి, ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ గోడలోనే, పెట్టెకు మూరెడు దూరంలో, సందులోకి తలుపుంది. మధ్యాహ్నం చేపల నూకాలమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ తలుపు తోసుకునే లోపలికి వస్తుంది. సముద్రం ఒడ్డు నుంచి బస్సులో వచ్చే మనిషి, బస్సు ఎప్పుడొస్తే అప్పుడే ఆమె రాక.

"కాల్చినంతసేపూ గడియ పెడతాను. ఏటీ అవదులే బాబాయ్," అన్నాను.

"పెడతావు. ఒక్కరోజు మర్సిపోతావు. నేదంటే మీయమ్మ తీసి మర్సిపోతాది. గోడ మర్సిపోదు."

కిటికీలు లేని గోడ పెరట్లో ఒక్కటే ఉంది. అది ఆయనింటి పక్కగోడ. దానికి సున్నం వేయించుకుని నెల కూడా కాలేదు. నా గోడకే పెట్టు అన్నాడు. జల్లించిన ఇసకంతా ఎత్తి, పెట్టె అక్కడికి మోసి, మళ్ళీ పోశాం. అప్పుడైనా అటక ఎక్కొచ్చా అంటే, పెట్టె చిన్నదన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. గుండ్రం అరచేయంత, పెట్టె పీటంత. "నేను అంత తప్పుతానా?" అని నిలదీశాను.

"నువ్వు తప్పవు తల్లీ. తుమ్ము తప్పిస్తాది. సీమ కుడితే తప్పిస్తాది. గురిగా కొట్టినదానికి పెట్టెందుకు? తప్పినదానికే కదా."

ఆ తప్పినదాని కోసం ఇంకో వారం. జల్లించిన ఇసకను సంచుల్లో నింపి నా భుజం ఎత్తున పేర్చాం. వాటి ముందు వెదురు కర్ర అడ్డంగా కట్టి, మిల్లువాళ్ళు పనికిరావని తీసేసిన గోనె ముక్కలు అడిగి తెచ్చి, ఆరు పొరలు వేలాడదీశాడు. తలుపంత వెడల్పు తెర అది. గాలికి ఊగుతోందని నేను అడుగున మేకులు కొట్టి బిగించాను. నాకు తెలిసి అది మంచి పనే. సాయంత్రం వచ్చి ఆ మేకులన్నీ ఊడపీకాడు.

"బిగిసి ఉన్నది తిరిగి తన్నుతాది. వదులుగా ఉన్నదే మింగుతాది. ఊగనీ."

అప్పటికి నాకు ఓపిక పూర్తిగా నశించింది. ఇంత భయం ఊరికే రాదు, దీని వెనక ఏదో పెద్ద కథ ఉండి ఉంటుందనుకున్నాను. ఎవరిదో కన్ను పోయి ఉంటుంది, ఆ దిగులు ఈయన్ను ఇలా చేసి ఉంటుంది. కాస్త జాలిపడితే కోపం తగ్గుతుందేమోనని అడిగాను కూడా. "మీ కళ్ళ ముందు ఏదైనా జరిగిందా బాబాయ్?"

ఆయన మేకులు డబ్బాలో వేసుకున్నాడు. "ముప్పై ఏళ్ళు సేసినాను. నా షెడ్డులో ఎవులికీ ఏటీ అవనేదు," అన్నాడు. తరవాత నా వైపు విసుగ్గా చూశాడు. "అవనేదంటే ఊరికే అవనేదనుకుంతన్నావేటి?"

జాలిపడే అవకాశం కూడా ఇవ్వలేదు మనిషి.

పరీక్షకు పదకొండు రోజులుందనగా తుపాకీ అటక దిగింది. కాల్చే చోటు దగ్గర నేల మీద గీత గీసి, రెండు వైపులా కొబ్బరితాడు కట్టి, ఎవరూ అడ్డం రాకుండా చేశాడు. తెర కింద పెట్టిన తొట్టెలో పడిన సీసం ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టాలన్నాడు. అన్నిటికీ తలూపాను. కాల్చనిస్తే చాలు. నిజం చెప్పాలంటే ఆ గోనె తెర అద్భుతంగా పనిచేసింది. గుండు తగిలితే పొర కొంచెం ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలేది, అంతే. ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. నాలుగు రోజుల్లో నా గుళ్ళన్నీ రూపాయి బిళ్ళంత చోటులో పడడం మొదలెట్టాయి. నాలుగో స్థానం చేతికి అందేంత దగ్గరగా కనిపించింది.

ఐదో రోజు మధ్యాహ్నం తుపాకీ ఇంకా పైకెత్తుతూనే ఉన్నాను, చెమట వేలు జారి మీట నొక్కేసింది. గుండు కాగితానికి ఆమడ దూరంలో, తెర కుడి అంచున తగిలింది. సరిగ్గా అప్పుడే వెనక తలుపు కిర్రుమంది. అమ్మ గడియ తీసి మరిచిపోయింది. నూకాలమ్మ బుట్టతో లోపలికొచ్చి, "కవళ్ళ సేపలు తెచ్చినాను, తీసుకుంతారేటి?" అంటూ వంటింటి వైపు నడిచిపోయింది. తాడుకు అవతలే నడిచింది. తుపాకీ సంగతే ఆమె గమనించలేదు.

పాత చోట, పాత పెట్టె అయితే ఆ గుండు ఎక్కడికి వెళ్ళేదో నాకు అర్థమైంది. అర్థమైనా ఆ ఆలోచన దగ్గరకు రానివ్వలేదు. సెలవు రోజు కావడంతో పైడయ్య గుమ్మంలోనే ఉన్నాడు. ఇప్పుడు చూశావా అంటాడని పళ్ళు బిగించి నిలబడ్డాను. ఆయన నా మొహం కూడా చూడలేదు. తెర దగ్గరికి వెళ్ళి, కన్నానికీ అంచుకీ మధ్య స్కేలు పెట్టాడు. నాలుగు వేళ్ళు.

"సాల్దు. ఇంకో జానెడు పెంచాలి," అన్నాడు.

పెంచేదాకా తుపాకీ మళ్ళీ అటక మీదికి వెళ్ళింది. మిల్లు నుంచి గోనె రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను ఆయనతో మాట్లాడలేదు, అమ్మతో మాట్లాడలేదు, అన్నం మీద అలిగాను. గోనె ముక్కలు మటుకు నేనే కుట్టాను. లేకపోతే మూడో రోజు కూడా పోయేది.

పరీక్షలో మళ్ళీ ఐదోదాన్నే అయ్యాను. నాలుగో అమ్మాయికీ నాకూ ఒక్క పాయింటు తేడా. ఇంటికి వచ్చి చెప్పులైనా విప్పకుండా నేరుగా ఆయన గుమ్మంలోకి వెళ్ళాను.

"ఒక్క పాయింటు బాబాయ్. నెలలో ఇరవై రోజులు మీరే తినేశారు. ఆ జానెడు కోసం ఇంకో రెండు రోజులు. సంతోషమేనా?"

ఆయన ముఖం చిన్నబోయింది. నూకాలమ్మ పేరు ఎత్తుతాడనుకున్నాను. బిందె పేరు ఎత్తుతాడనుకున్నాను. రెండింటికీ జవాబులు దారిలోనే సిద్ధం చేసుకుని వచ్చాను.

"తినేసినమాట నిజమే తల్లీ," అన్నాడు. "అవి నాను తిరిగియ్యలేను." అంతే. పోట్లాడడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

మర్నాడు మధ్యాహ్నం నూకాలమ్మ వచ్చింది. అమ్మ ధర తగ్గించమంది, ఆమె తగ్గనంది. నూకాలమ్మకు కోపం వస్తే చేతులకంటే ముందు కళ్ళు మాట్లాడేవి. పెద్దవి చేసేది, చిన్నవి చేసేది, ఆకాశం వైపు తిప్పి దేవుణ్ణి సాక్ష్యం పిలిచేది. నేను మెట్టు మీద కూచుని ఆ కళ్ళనే చూస్తూండిపోయాను. రాత్రంతా ఏడ్చి నా కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏటలా సూస్తన్నావు పిల్లా? నా మొకం మీద సేప గాని ఉన్నాదేటి?" అంది.

ఏమీ లేదన్నాను. రెండు కళ్ళూ ఉన్నాయి, బాగున్నాయి.

ఆ మాట ఆమెకు చెప్పలేదు. రెండడుగుల దూరంలో తెర దించి మడత పెడుతున్న పైడయ్యకూ చెప్పలేదు. అప్పుడు కోపం అడ్డొచ్చింది. తరవాత ఆయన రిటైరై సొంతూరు వెళ్ళిపోయాడు, నాకు సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. ల్యాబులో నా జాగ్రత్తలకు విసిగి పిల్లలు నన్ను లోలోపల తిట్టుకునేటప్పుడు ఆయన గుర్తొచ్చేవాడు, ఒకసారి వెళ్ళి చూడాలనుకునేదాన్ని, వెళ్ళలేదు. పోయాడని ఎవరో చెప్పగా విన్నాను. ఆ ఒక్క పాయింటు మీద నా కోపం ఇంకా పోలేదు, పోయిందంటే అబద్ధమవుతుంది. ఆయనకు చెప్పాల్సిన మాట కూడా అలాగే నా దగ్గరే ఉండిపోయింది.