నిమిషం సిస్టర్

ఆవిడకు ఆ పేరు పెట్టింది మాకంటే ముందు బ్యాచ్ వాళ్ళట. మేము నర్సింగ్ మొదటి సంవత్సరంలో చేరేసరికే అది ఆవిడ అసలు పేరును మింగేసింది. జనరల్ వార్డుకు ఇన్‌చార్జి సిస్టర్. పొట్టి మనిషి, ఇస్త్రీ నలగని తెల్లకోటు, మణికట్టుకు లోపలివైపు తిప్పి పెట్టుకున్న గడియారం. ఆ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగితే గానీ మమ్మల్ని రోగి చెయ్యి వదలనిచ్చేది కాదు.

బయటివాళ్ళకు తెలియదు గనక చెబుతున్నాను. నర్సు మీ చెయ్యి పట్టుకుని గడియారం చూస్తుంటే నాడి ఒక్కటే చూస్తోందనుకుంటారు. నాడి చూడటం అయిపోయాక కూడా ఆమె చెయ్యి వదలదు. అలాగే పట్టుకుని, చూపు మీ ఛాతీ మీదకు మళ్ళించి, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెడుతుంది. ముందే చెబితే మీరు ఊపిరి సర్దుకుంటారు, లెక్క తప్పుతుంది. అందుకే ఈ చిన్న మోసం. ఇది పుస్తకంలో ఉన్న సంగతి. వార్డులో జరిగేది వేరు. నలభై మంచాలు, ఇద్దరు స్టూడెంట్లు, నెత్తి మీద డాక్టర్ల రౌండ్స్. జ్వరం చూస్తాం, నాడి చూస్తాం, బీపీ చూస్తాం. ఊపిరి గడిలో మాత్రం అందరికీ, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఉండే లెక్క, ఇరవై వేసేస్తాం. "ఊపిరి ఎవరు లెక్కపెడతారే? పీలుస్తున్నారుగా, చాలు!" అని మా సీనియర్ అక్కలు మొదటి రోజే మాకు ఉపదేశం చేశారు.

ఒకరోజు పొద్దున్నే నేను నలభై మందికీ ఇరవై వేసి, చార్టులన్నీ మంచాలకు తగిలించి, చేతులు దులుపుకుని వచ్చాను. నిమిషం సిస్టర్ ఒక్కో చార్టూ చూసుకుంటూ వెళ్ళి, తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నలభై మందీ కూడబలుక్కుని ఊపిరి తీస్తున్నారా అమ్మాయ్?"

మొదటి మంచం చార్టు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మొదటి మంచం నుంచి మళ్ళీ మొదలుపెట్టు. ఒక్కొక్కరికీ నిండు నిమిషం. నీ టిఫిన్ ఎక్కడికీ పోదులే."

టిఫిన్ పోయింది. మధ్యలో రౌండ్స్, ఇంజెక్షన్లు కూడా రావడంతో మధ్యాహ్నం భోజనానికీ అదే గతి పట్టేలా ఉంది. ముప్పయ్యో మంచం దాటేసరికి కాళ్ళు పీకి, ఒళ్ళు మండి నోరు పారేసుకున్నాను. నా నోటికి అప్పుడూ తాళం లేదు, ఇప్పుడూ లేదు.

"ఇంత చాదస్తం ఏంటి సిస్టర్? ఇరవై వేస్తే ఎవరి ప్రాణం పోయింది?"

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా చేతిలో పెన్ను తీసుకుని, మూత పెట్టి, నా జేబులో గుచ్చింది.

"మా అమ్మది" అంది.

దుప్పట్లు మడతపెట్టి ఉంచే గదిలోకి తీసుకెళ్ళి, స్టూలు మీద కూర్చుని చెప్పింది. వాళ్ళమ్మ ఇదే ఆసుపత్రిలో ఆయా. పాతికేళ్ళు ఈ వార్డుల్లో బెడ్‌పాన్లు కడిగింది, నెత్తురు తుడిచింది. కూతురి చేతికి చీపురు రాకూడదని పట్టుబట్టి నర్సింగ్‌లో చేర్పించింది. కూతురు యూనిఫాం తొడుక్కున్న రోజు నుంచి ఇంట్లో కూడా "సిస్టర్ గారూ, అన్నం వడ్డించమంటారా?" అని ఆట పట్టించేదట. వార్డులో ఎదురుపడితే చీపురు గోడకు ఆనించి, పక్కకు జరిగి దారి ఇచ్చేదట. "ఊరుకోమ్మా, అందరూ చూస్తున్నారు" అంటే "చూడాలనేగా నా ఏడుపు!" అనేదట.

కూతురి ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్స్ ముందు తల్లికి నిమోనియా వచ్చింది. తను ఊడ్చిన వార్డులోనే పడుకోబెట్టారు. మూడో రోజు పొద్దున ఆ వార్డులో కూతురిదే డ్యూటీ, పది గంటలకు పరీక్ష. ఒక్కో మంచమే పరుగున ముగించుకుంటూ అమ్మ దగ్గరికి వచ్చింది. జ్వరం తగ్గింది. నాడి కాస్త ఎక్కువగా ఉంది. అమ్మ గనక, ఒక్క అమ్మకైనా ఊపిరి లెక్కపెడదామని చెయ్యి అలాగే పట్టుకుంది. అమ్మే చెయ్యి లాగేసుకుంది.

"నాకేం, బాగానే ఉన్నా... నువ్వు పరీక్షకు పో, సిస్టర్ గారూ."

"పాతికేళ్ళు నర్సుల వెనక తిరిగిన మనిషి" అంది నిమిషం సిస్టర్. "నాడి చూశాక కూడా చెయ్యి ఎందుకు వదలమో ఆవిడకి తెలుసు. లెక్క తేలితే నేను పరీక్షకు వెళ్ళనని కూడా తెలుసు. ఆ రెండు మాటలకే మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంది. నేను గడియారం చూసుకుని ఇరవై రాసి పరిగెత్తాను."

రౌండ్స్‌లో డాక్టరు చార్టు చూశాడు. జ్వరం తగ్గింది, ఊపిరి ఇరవై. పక్క మంచానికి వెళ్ళిపోయాడు. పరీక్ష ముగించుకుని కూతురు వచ్చేసరికి తల్లి ముఖం మీదకు దుప్పటి కప్పేసి ఉంది.

"నన్నెవరూ ఒక్క మాట అనలేదు. చార్టులో ఇరవై ఉందిగా! హఠాత్తుగా జరిగిందన్నారు. ప్రాక్టికల్స్‌లో నాకే ఫస్టు." మడత చెదిరిన దుప్పటి ఒకటి సర్దుతూ అంది, "ఆ రోజు మా అమ్మ ఊపిరి ఎంతో నాకు తెలీదే. ఇక ఎప్పటికీ తెలీదు."

నేను అక్కడే నిలబడి ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు. "ముప్పై ఒకటో మంచం మిగిలే ఉంది" అని గుర్తుచేసింది.

తర్వాత నేను స్టాఫ్ నర్సునయ్యాను. ఆవిడ రిటైరయిన కొన్నాళ్ళకు ఆ వార్డుకే ఇన్‌చార్జినయ్యాను. మొదట్లో ఆవిడలాగే చార్టులన్నీ తనిఖీ చేసేదాన్ని. రానురాను పని పెరిగింది, ఓపిక తగ్గింది. చూసీ చూడనట్టు వదిలేయడం నేర్చుకున్నాను. దాచుకోవడం ఎందుకు, తప్పు నాదే.

పోయిన ఏడాది నిమిషం సిస్టర్ మా వార్డుకే రోగిగా వచ్చింది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. ఆక్సిజన్ పెట్టడం తప్ప చేసేదేమీ లేదని డాక్టరు నాకు చెప్పాడు. ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

రెండో రోజు పొద్దున నేను పలకరించగానే "నా చార్టు ఇలా ఇయ్యి" అంది.

తీసి చూశాను. ఇరవై. పక్కన మా కొత్త స్టూడెంట్ సంతకం. దాచేద్దామనుకున్నాను గానీ ఆవిడ చెయ్యి చాచే ఉంది. చూసి నా వైపు తిరిగింది.

"ఇది... నీ వార్డేనా?"

తల కొట్టేసినట్టయింది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఒక్క నిమిషం కోసం అందరితో మాటలు పడింది. నా చేతుల్లో అది పదేళ్ళు కూడా నిలవలేదు.

ఆ అమ్మాయిని పిలిచి చెడామడా తిట్టబోయాను. ఆవిడ వేలెత్తి ఆపింది.

"తిట్టకు. లెక్క... పెట్టించు."

అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ కిటికీ వైపు తల తిప్పుకుంది. "నాడి చూస్తున్నావనే... అనుకుంటాలే" అంది. ఆ స్థితిలోనూ ఆవిడ వేళాకోళం పోలేదు. ముల్లు ఒక చుట్టు తిరిగింది.

"ఎంత?"

చెప్పాలా వద్దా అన్నట్టు అమ్మాయి నా వైపు చూసింది. నేను తలూపాను.

"ముప్పై ఎనిమిది, మేడమ్."

"రాయి."

అమ్మాయి ఇరవై కొట్టేసి ముప్పై ఎనిమిది రాసింది. ఆవిడ ఆ అంకె మీద వేలు పెట్టి అలాగే కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత ఆ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే వచ్చి నిలబడేది. నలభై అని రాసింది. నలభై రెండు అని రాసింది. ఆక్సిజన్ పెంచాం, మంచం తల ఎత్తాం. నాలుగో రోజు నుంచి అంకె తగ్గడం మొదలైంది. మెరుగనుకుని అమ్మాయి సంబరపడింది. అది ఊపిరి తీసే ఓపిక కూడా అయిపోతున్న అలసటని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం నేను పక్క మంచం దగ్గర సెలైన్ మారుస్తున్నాను. అమ్మాయి ఎప్పటిలాగే ఆవిడ మణికట్టు పట్టుకుని నిలబడింది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటోంది. తిరిగి చూసేసరికి పెదవులు ఆగిపోయాయి. కళ్ళు మాత్రం గడియారం మీదే ఉన్నాయి.

"ఏంటమ్మా?"

"పదకొండు దగ్గర ఆగిపోయింది సిస్టర్" అంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నా చెయ్యి వదల్లేదు. "నిమిషం ఇంకా అవలేదు."

నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ముల్లు చుట్టు పూర్తయ్యేదాకా ఇద్దరం చూశాం. అప్పుడు అమ్మాయి ఆవిడ చేతిని దుప్పటి మీద పెట్టి, చార్టు తీసి, పదకొండు అని రాసింది.