నిలబడటం నేర్చుకోవడానికి దొడ్డబళ్ళాపురం దాకా

పోయిన ఏడాది గోల్ఫ్ ఆడుతూ నడుము పట్టేసి నలభై రోజులు మంచం మీద ఉన్నాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, వీపు విల్లులా వంచి, బలమంతా పెట్టి కొట్టేవాణ్ణి. నేను అత్తిబెలెలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. తిరిగి డ్యూటీకి వెళ్ళేసరికి నా సీట్లో ఇంకొకతను కూర్చుని ఉన్నాడు. అది మళ్ళీ నా చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. సెలవులు ఒక్కటి కూడా మిగల్లేదు. అయినా ఆట మీద మోజు పోలేదు. నిలబడే పద్ధతి దగ్గర్నుంచి నేర్పే కోచ్ ఒకాయన దొడ్డబళ్ళాపురం వైపు ఉన్నాడని తెలిసి ఫోన్ చేశాను. "పాత నొప్పి ఉంటే డాక్టర్ చీటీ తేవాల" అన్నాడాయన. నొప్పేమీ లేదని చెప్పేశాను. డాక్టర్‌ని అడిగితే వద్దంటాడేమోనని అడగలేదు.

బుధవారం నాకు వారపు సెలవు. నా భార్య పద్మ కూడా వస్తానంది. బెంగళూరు మడివాళలో తెల్లవారుజామున ఐదుంబావుకు బస్సెక్కితే ఆరు లోపే మెజెస్టిక్ బస్టాండ్ చేరాం. అక్కడినుంచి హెబ్బాళ, యలహంక మీదుగా దొడ్డబళ్ళాపురం బస్సు దొరుకుతుంది. మనిషికి వంద లోపే అవుతుంది. ఏడున్నర దాటాక దిగాం. బస్టాండ్ ఎదురుగా ఇడ్లీ తిన్నాం. అక్కడినుంచి కోచ్ నేర్పే మైదానానికి ఆటోలో నూట యాభై.

ఆటో డ్రైవర్ కదిరివాడు. మా మాట వినగానే పలకరించాడు. "ఆడికి పొయ్యేవాళ్ళంతా కార్లల్లో వస్తార్ సా. ఆటోలో వచ్చింది మీరే." ఇంతలో ఆటో ఒక స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడింది. నేను చప్పున ముందున్న కడ్డీ పట్టుకున్నాను. అద్దంలో చూసి అతను, "నడుం నొప్పా సా? నిదానంగా పోతాలే" అన్నాడు. పద్మ నా వైపు తిరిగింది. "వెనక్కి పోదామా?" అని అడిగింది. వద్దన్నాను.

కోచ్ పేరు నాగరాజు. యాభై దాటిన మనిషి, బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగువాడు. చిన్నప్పుడు ఆటగాళ్ళ సంచులు మోసి, వాళ్ళను చూసే ఆట నేర్చుకున్నాడట. గంటకు వెయ్యి రూపాయలు, యాభై బంతుల బుట్టకు మూడు వందలు. ఎనిమిదిన్నరకు మొదలుపెట్టే ముందు మరోసారి అడిగాడు.

"నడుం, మోకాళ్ళు అన్నీ బాగుండాయా అప్పా? ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పల్ల."

"ఏం లేదన్నా" అన్నాను. వెనక ప్లాస్టిక్ కుర్చీలో పద్మ కూర్చుని ఉంది. చేతిలోని నీళ్ళ సీసా మూత తిప్పుతూనే ఉంది.

"సరే, ముందు నీకు తెలిసినట్ల కొట్టు. చూస్తా" అన్నాడు నాగరాజన్న. మొదటి ఐదారు బంతులు నేల మీదే దొర్లాయి. సిగ్గేసింది. పట్టుదల పెరిగింది. వద్దనుకుంటూనే బలం పెంచాను. పదకొండో బంతికి, బంతిని కొట్టే క్లబ్ పైనుంచి కిందికి వస్తుండగా నడుము ఎడమ పక్క కత్తితో పొడిచినట్టయింది.

అరవలేదు. బూటు లేసు కట్టుకుంటున్నట్టు మోకాలి మీద కూర్చున్నాను. కానీ లేవలేకపోయాను. లేసు చేతిలోనే ఉంది, చెమట నేల మీద పడుతోంది. రేపు ఉదయం షిఫ్టు, ఆ సీటు, అందులో కూర్చున్న ఆ ఇంకొకతను కళ్ళ ముందు కనిపించారు. కుర్చీ జరిగిన చప్పుడైంది.

"అన్నా, పోయినేడు ఈయనకి నడుం పట్టేసింది. నలభై దినాలు లేవలేదు. మీకు చెప్పలేదు" అంది పద్మ.

నాగరాజన్న నా చేతిలోంచి క్లబ్ తీసుకుని పక్కన పెట్టాడు. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని నన్ను రేకుల కప్పు కింద ఉన్న బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళ కింద సంచి పెట్టారు. "కాలు తిమ్మిరెక్కతా ఉండాదా? వేళ్ళు ఆడించు. రెండో కాలు" అని అడుగుతూనే ఉన్నాడు. వేళ్ళు కదిలాయి. తిమ్మిరి లేదు. అయినా ఆ ఇరవై నిమిషాలు నేను పైనున్న రేకులనే చూస్తూ ఉండిపోయాను. పద్మ నా చెయ్యి వదల్లేదు.

నొప్పి మెల్లగా సడలింది. లేచి కూర్చున్నాక ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఫోన్‌లో అడిగితిని, ఇక్కడా అడిగితిని. ఎందుకప్పా అబద్ధం?"

"చెప్తే నేర్పరేమో అనుకున్నానన్నా."

"మా నాయన బెంగళూరులోనే మగ్గం కాడ వంగి వంగి నేసినాడు. కడాన ఆయన చెప్పులు ఆయన తొడుక్కోలేకపాయె. నడుమంటే నాకు ఆట కాదప్పా."

నేను తల ఎత్తలేకపోయాను. క్షమించమని అడిగాను. ఆయన లేచి, "ఈ దినం బంతి లేదు. నొప్పి లేకుంటే నిలబడేది మాత్రం చూపిస్తా. చురుక్కుమంటే ఆపెయ్యల్ల" అన్నాడు.

పాదాలు భుజాలంత ఎడంగా పెట్టించాడు. ఒక కర్రను నిలువుగా నా వీపుకు ఆనించి తల వెనక, భుజాల మధ్య, కింద తుంటి దగ్గర మూడు చోట్లా తగిలేలా పట్టుకోమన్నాడు. "వంగేది నడుం కాడ కాదు, తొడ కీలు కాడ. కర్ర విడువకూడదు." వంగగానే నా తల నుంచి కర్ర విడిపోయింది. మళ్ళీ. మళ్ళీ. ఏడోసారికి మూడు చోట్లా నిలిచింది. మోకాళ్ళు కొంచెం సడలించమన్నాడు, బరువు మడమల మీదా వేళ్ళ మీదా కాక పాదం మధ్యలో పెట్టమన్నాడు, చేతులు భుజాల నుంచి ఊరికే వేలాడనివ్వమన్నాడు. తర్వాత పద్మ కూర్చున్న కుర్చీని తెచ్చి, దాని వీపు నా పిరుదులకు తగిలేలా పెట్టి, ఖాళీ చేతులతో మెల్లగా తిరగమన్నాడు. బంతి ఉన్న చోటికి చేతులు వచ్చేసరికి నేను కుర్చీని వదిలి పైకి లేస్తున్నాను. "అదో, ఆడే నీ నడుం ఇరిగేది" అన్నాడు. ఇన్నాళ్ళూ ప్రతి దెబ్బకూ అలాగే లేచి ఉంటాను. నాకెప్పుడూ తెలియలేదు.

పదింటికి ముగిసింది. మిగిలిన ముప్పై తొమ్మిది బంతులు బుట్టలోనే ఉన్నాయి. తిరుగు బస్సులో యలహంక దాటేదాకా పద్మ కిటికీలోంచి బయటికే చూసింది. "నొప్పి నాకు చెప్పకున్నా తెలుస్తుంది. ఆయనకెట్లా తెలుస్తుంది?" అంది చివరికి. మరునాడు డ్యూటీకి వెళ్ళాను. అదే వారంలో డాక్టర్ని కలిసి జరిగిందంతా చెప్పాను. ఆయన తిట్టి, ఆరు వారాలు వ్యాయామం చేయించి, ఆ తర్వాత చీటీ రాసిచ్చాడు. రెండోసారి వెళ్ళినప్పుడు సగం ఊపుతో కొట్టిన బంతి ఎనభై గజాల దాకా తిన్నగా పోయింది. నడుములో ఏమీ అనిపించలేదు. నాగరాజన్న మెచ్చుకోలేదు, "ఇంకొకటి" అన్నాడంతే.

ఈ ఆటకు బలం కావాలని, సిగ్గుపడకుండా ఉండాలంటే బంతి దూరం పోవాలని అనుకునేవాణ్ణి. ఆ బల్ల మీద పడుకున్న ఇరవై నిమిషాల్లో నాకు బంతి గుర్తుకే రాలేదు. కాలివేళ్ళు కదిలితే చాలనుకున్నాను. ఇప్పుడు ప్రతి బంతికి ముందూ నిలబడటానికి ఎక్కువ సమయం తీసుకుంటాను. వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీ.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: మీ వీపు మీకు కనిపించదు. తోడొచ్చినవాళ్ళను మీ కుడి పక్కన, బంతి పోయే దారికి సరిగ్గా వెనక నిలబడి, ఫోన్ మీ నడుము ఎత్తులో పట్టుకుని వీడియో తీయమనండి. వాటంగా వంగుతున్నారో, మధ్యలో పైకి లేస్తున్నారో అందులో తెలిసిపోతుంది.