తుడిచేముందు

ఇండోనేషియాలోని మలాంగ్ ఊళ్లో, ఫోన్ల బజారులో ఫోన్లు బాగుచేసే వెనింగ్‌ను ఎవరూ తొందరపెట్టలేరు. కంపెనీ పెట్టిన అడ్డులు తీసి ఫోన్ పూర్తిగా తమ చేతికొచ్చేలా రూట్ చేయమని ఎవరొచ్చినా చేతులు ప్యాంటుకు తుడుచుకుని, "ఇందులో పోతే మళ్ళీ దొరకనిదేంటి?" అని అడుగుతుంది. జవాబొచ్చేదాకా కేబుల్ ముట్టుకోదు.

ఒకరోజు గాయని సుమార్ని వచ్చింది. "ఫోన్‌లో కంపెనీవాళ్లు కుక్కిన చెత్త యాప్‌లు ఎలా తీసినా పోవట్లేదు, నువ్వే తీసెయ్యి అమ్మాయ్. మా గురువుగారి పాటలు మాత్రం పోకూడదు. ఆయనకిప్పుడు గొంతు లేదు."

"రూట్ చేయాలంటే ముందు కంపెనీ వేసిన తాళం తీయాలి. అది తీస్తే ఫోనంతా తుడిచిపెట్టుకుపోతుందమ్మా. ముందు పాటలు నా కంప్యూటర్‌లోకి తీస్తా."

తీసింది. తీసిన ప్రతి పాటనూ చివరిదాకా వింటూ కూర్చుంది.

"అన్నీ వచ్చాయిగా, ఇంకా ఎంతసేపే తల్లీ!"

"రావడం వేరు, పాడటం వేరమ్మా."

ఒక పాట సగంలో ఆగిపోయింది. మళ్ళీ తీసినా అక్కడే ఆగింది. వెనింగ్ పెదవి కొరుక్కుని, కేబుల్ మార్చి ఇంకోసారి తీసింది. ఈసారి ముసలి గొంతు చివరి చరణం దాకా పాడింది. అప్పుడు తాళం తీసింది.

ఫోన్ ఖాళీగా తెరుచుకుంది. సుమార్ని ముఖం పాలిపోయింది. వెనింగ్ తలెత్తకుండా రూట్ చేసి, చెత్త ఊడ్చి, పాటలు తిరిగి ఎక్కించి ఒకటి వినిపించింది. సుమార్ని ఆ బజారు గోలలోనే గురువుతో గొంతు కలిపింది.