మొరాయించిన గ్యాసు బండి

భువనగిరి అవతల ఒక విత్తనాల గోదాంల సంచులు కుట్టే పనికి కుదిరిన. కొన్నేండ్లకు అక్కడ సంచులెత్తి లారీకి ఎక్కించే గ్యాసు బండి, ఫోర్క్‌లిఫ్ట్, నడిపేదాన్నయిన. నేర్పింది పాత డ్రైవరు. అందరూ ఆయనను కాక అనే పిలుస్తుండె. ఆడామెకు బండెందుకని సూపర్‌వైజరు సారు గునిగితే, నేర్పేది నేను గదా, నీకేం ఫికర్ అని కాకనే సర్దిచెప్పిండు.

ఒకసారి కాక సెలవు మీద నందికొండకు, బిడ్డ ఇంటికి పోయిండు. బండి మొదటిసారి నా ఒక్కదాని చేతిల వడ్డది. పొద్దుగాల్నే లారీ వచ్చి నిలవడ్డది. హమాలీలు ఎదురుచూస్తున్నరు. ఖాళీ గ్యాసు సిలిండరు తీసి నిండుది పెట్టిన, పైపు బిగించిన, వాల్వు ఇప్పి తాళంచెవి తిప్పిన. ఇంజను తిరుగుతాంది గని అందుకుంటలేదు. మల్ల తిప్పినా గదే తీరు. బ్యాటరీ మంచిగనే ఉన్నది. సిలిండరు ముల్లు నిండుగ చూపెడుతాంది. గ్యాసు వాసన కూడా ఎక్కడా లేదు.

సారు వచ్చి చూసి, మెకానిక్కును పిలుస్త, నువ్వు మల్ల సంచులు కుట్టే కాడికి పో అన్నడు. పక్కకు వోయి కాకకు ఫోన్ చేసిన. ఆయన కోపం చేయలే. ఏమేం చూసినవో ఒక్కొక్కటి చెప్పమన్నడు. అంతా ఇన్నంక అడిగిండు:

"వాల్వు ఎట్ల ఇప్పినవ్ బిడ్డా?"

"ఒక్కసారే గిర్రున తిప్పిన కాకా."

"గదే మరి. గట్ల తిప్పితే గ్యాసు ఒక్క ఊపున ఉరుకుతది. పైపు తెగిందనుకొని సిలిండరు లోపలి అడ్డం మూసుకుంటది, ఇంజనుకు గ్యాసు అందది. వాల్వు మొత్తం కట్టేసి జరసేపు ఆగు. మల్ల మెల్లగ ఇప్పు."

తర్వాత ఫోను సారుకు ఇయ్యమన్నడు. గీ సంగతి పిల్లకు నేనే చెప్పలే, నా చేతికి అలవాటై చెప్పాల్నన్న యాదే రాలే, ఆమెను బండి మీదికెల్లి దించకు అన్నడు. సారు సరే కాకా అని ఫోను నా చేతిల పెట్టిండు.

వాల్వు కట్టేసిన. కొంచెం ఆగి, మెల్లగ ఇప్పిన. తాళంచెవి తిప్పంగనే ఇంజను అందుకున్నది. హమాలీలు నవ్వుకుంట లేచిండ్రు. పగటి బువ్వకు ముందే లారీ నింపి పంపినం.

ఇప్పుడు కాక పని బంద్ చేసి మోత్కూర్ల ఉంటున్నడు. అటు పోయినప్పుడు కలిసి వస్త. ఈ బండి జీతంతోని పిల్లలను చదివిస్తున్ననంటే, సొంతంగ ఒక జాగా కొనుక్కున్ననంటే, గా పొద్దు ఆయన సారుతోని మాట్లాడిన మాటే కారణం. గీ ముచ్చట ఆయనకే చెప్పిన. నా గిలాసల ఇంకింత చాయ పోసిండు.